మొలకను పిట్టల నుంచి కాచే సరుకు: వల, మెరుపు రిబ్బను, వాసన మందు ఏ మాత్రం పనిచేస్తాయి?

కూరగాయ మొలకకు పిట్టల గండం గట్టిగా చూస్తే రెండు వారాలు. చిక్కుడు, బొబ్బర, బెండ, బీర, సొర అయితే విత్తు నేల చీల్చుకుని పైకొచ్చిన దగ్గర్నుంచి గింజాకుల తర్వాత వచ్చే అసలాకులు రెండు మూడు విచ్చేదాకా. వంగ, టమాటా, మిరప అయితే నారుమడిలో మొదటి పది పన్నెండు రోజులు, మళ్ళీ చేలో నాటాక వేరు పట్టేదాకా ఓ వారం. ఆ గడువు దాటాక కాండం గట్టిపడుతుంది, పిట్ట అంతగా పట్టించుకోదు. కాబట్టి దుకాణంలో ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా చూడాల్సింది ఇదే: ఈ రెండు వారాలూ ఇది నిలబడుతుందా, పనయ్యాక తేలిగ్గా తీసెయ్యొచ్చా? ‘ఇది పెడితే ఇక పిట్టన్నది మీ చేను దరి చేరదు’ అంటూ అమ్మే సరుకు మనకక్కర్లేదు. మొక్క ఎదిగాక పురుగుల్ని ఏరుకు తినడానికి గోరింకల్లాంటి ఇవే పిట్టలు మళ్ళీ రావాలి.

ఇంకో సంగతి. ఏది కొన్నా విత్తిన రోజే, కుదిరితే ముందు రోజే పెట్టాలి. ఒకసారి రుచి మరిగిన పిట్టను తోలడం చాలా కష్టం. సగం మొలకలు పోయాక పరుగున వెళ్ళి తెచ్చిన రిబ్బను పనిచెయ్యలేదంటే తప్పు రిబ్బనుది కాదు.

డబ్బు పెట్టేముందు దొంగ ఎవరో తేల్చుకోవాలి. పిట్ట పొడిచిన బీజదళం (గింజాకు) అంచు త్రికోణంలా తెగి ఉంటుంది, లేదా మొలక వేళ్ళతో సహా ఊడి పక్కనే పడి వాడిపోయి ఉంటుంది. కాండం నేల మట్టానికి తెగి పడి ఉంటే కొరికే పురుగు పని. పక్కన రెండు మూడు సెంటీమీటర్లు మట్టి గీకితే చుట్టచుట్టుకుని దొరుకుతుంది. మెరిసే జిగురు చార ఉంటే నత్త. విత్తు వేసిన చోట గుంత పడి, మట్టి ఒక పక్కకు ఎగజిమ్మి, విత్తనం పొట్టు అక్కడే ఉంటే ఎలుక. ఇవన్నీ ఎక్కువగా రాత్రి తిరిగేవి, పిట్టలది పగటి పని. అనుమానంగా ఉంటే చీకటి పడేవేళ మడి అంచుల్లో పల్చగా బూడిద జల్లి, తెల్లారగట్ల ఒకసారి, ఎండెక్కాక ఒకసారి అడుగులు చూడండి. కొంగ అడుగులు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది వచ్చింది పురుగుల కోసం. ఊళ్ళో పెరటి మళ్ళకైతే సగం నష్టం ఇంటి కోళ్ళదే. వాటికి రిబ్బనూ అక్కర్లేదు, మందూ అక్కర్లేదు, మూడడుగుల దడి చాలు.

ఇక సరుకు సంగతి. నారుమడికి వలను మించింది లేదు. మిగతావన్నీ పిట్టను భయపెట్టాలనో విసిగించాలనో చూస్తాయి. వల అడ్డం నిలబడుతుంది, పిట్టకు అలవాటైనా అడ్డం అడ్డమే. అయితే వలల్లో చాలా రకాలున్నాయి, తేడా వచ్చేదంతా అక్కడే.

పిచ్చుకలు, జినువాయిలు (గింజలు తినే బుల్లి పిట్టలు) తిరిగే చోట వల కన్ను, అంటే రంధ్రం, 15 నుంచి 20 మిల్లీమీటర్లు మించకూడదు. గోరింక, పిగిలిపిట్ట, గువ్వలు మాత్రమే అయితే 25 దాకా పర్వాలేదు. కాకికీ పావురానికీ 40 మిల్లీమీటర్ల కన్ను కూడా ఆపుతుంది. కానీ మన దగ్గర అన్నీ కలిసే వస్తాయి, చిన్న పిట్టను లెక్కలో పెట్టుకునే కొనాలి. భీమవరం, పాలకొల్లు వైపు ఆక్వా సామాన్ల దుకాణాల్లో వల కావలసినంత దొరుకుతుంది. రొయ్యల చెరువుల మీద కాకుల కోసం కట్టే దారాలూ అక్కడే ఉంటాయి. ఆ దారాలు మడికి పనికిరావు. చెరువు మీదకు దిగే పెద్ద పక్షి రెక్కకు అవి తగులుతాయి, మడిలో గెంతే పిచ్చుకకు వాటి మధ్య సందు రహదారి. చేపల వేటకు వాడే వెంట్రుక మందం ఒంటిపోగు (మోనో) వల అసలే వద్దు. చవగ్గా వస్తుంది, పిట్ట కంటికి ఆనదు, కాళ్ళూ రెక్కలూ చిక్కుకుని గిలగిల్లాడి చస్తుంది. జెర్రిపోతులు కూడా అందులో ఇరుక్కుంటాయి, ఎలుకల్ని పట్టే పామును మనమే పోగొట్టుకుంటాం. దారం కాస్త మందంగా, తెల్లగానో లేత రంగులోనో ఉండి కంటికి కనబడే వల తీసుకోండి. ఎండకు చివకకుండా యూవీ మందు కలిపిన వలా కాదా అని అడగండి. అది లేని నైలాను కోస్తా ఎండలో త్వరగా పెళుసెక్కి చేత్తో లాగితే తెగుతుంది.

వంగ, టమాటా, మిరప నారు పెంచేవాళ్ళు పిట్టల వల మానేసి 40 మెష్ నైలాను వల కొనడం మేలు. అంగుళానికి నలభై దారాలుంటాయి, పిట్ట సరే, తెల్లదోమ కూడా చాలావరకు దూరదు. టమాటా ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది ఆ దోమే కాబట్టి ఒక ఖర్చుతో రెండు పనులు అవుతాయి. గజం లెక్కన ధర ఎక్కువే అయినా మడి వైశాల్యం తక్కువ గనక భారం కాదు. ఒక ఇబ్బంది ఉంది. గాలి ఆడక లోపల తేమ నిలుస్తుంది, నారు ఒత్తుగా పోసి పొద్దుగూకాక తడిపితే నారుకుళ్ళు వస్తుంది. వరుసకు వరుసకు మధ్య 8 నుంచి 10 సెంటీమీటర్లు వదిలి, పొద్దున్న పూటే తడపండి.

కట్టే పద్ధతి ఇది. మడి వెడల్పు మీటరు, ఎత్తు 15 సెంటీమీటర్లు ఉండాలి. రెండు మీటర్ల వెదురు బద్దను వంచి రెండు కొనలూ అటూ ఇటూ 20 సెంటీమీటర్ల చొప్పున దిగ్గొడితే మధ్యలో అర మీటరు ఎత్తున కమాను నిలుస్తుంది. మీటరుకు ఒక కమాను. పది మీటర్ల మడికి పదకొండు బద్దలు. వల వెడల్పు రెండు మీటర్లు, పొడవు పన్నెండు ఉండాలి, రెండు చివరలా మీటరు చొప్పున మూట కట్టి గూటానికి బిగించడానికి. కమానుల నడినెత్తిన ఒక పురికొస లాగి కడితే వాన నీళ్ళకు వల మధ్యలో జారదు. వలకూ మొక్క కొసకూ జానెడు ఖాళీ తప్పదు. వల మొక్కమీద వాలి ఉంటే పిట్ట పైన కూర్చుని కన్నుల్లోంచే పొడుస్తుంది.

వల ఓడిపోయేది అంచు దగ్గర. గోరింక పైనుంచి ప్రయత్నించదు. నేల మీద దిగి వల వెంబడే అంచు పొడవునా నడుస్తుంది. నాలుగడుగులు వేసి ఆగి, మెడ వాల్చి కింద సందు చూస్తుంది, ముక్కుతో ఎత్తి చూస్తుంది, మళ్ళీ నాలుగడుగులు. ఇటుక ముక్కలు పెట్టిన చోట ఇటుకకూ ఇటుకకూ మధ్య వల లేచి ఉంటే అక్కడ దూరుతుంది. బయటికి రావడం తెలియక లోపలే రెక్కలు కొట్టుకుంటూ మడినంతా తొక్కేస్తుంది. అందుకని అంచు చుట్టూ చేతి పారతో పది సెంటీమీటర్ల గాడి తీసి, వల అంచు అందులో దించి, తడిమట్టితో పూడ్చాలి. కలుపు తీయడానికి, మందు కొట్టడానికి ఒక వైపు మాత్రం ఇసుక సంచీలు పెట్టుకోవచ్చు, వాటిని ఒకదానికొకటి ఆనించి పెట్టాలి. రోజూ పొద్దున్నే ఒకసారి చుట్టూ నడిచి చూడండి, పిట్ట లోపల ఉంటే అంచు ఎత్తి వదిలెయ్యండి.

నాటడానికి ఐదారు రోజుల ముందు వల తీసేసి నారుకు ఎండ, గాలి అలవాటు చెయ్యాలి. సాయంత్రం పూట తీయండి. మిట్టమధ్యాహ్నం తీస్తే లేత ఆకు మాడుతుంది.

కొబ్బరి మట్టలు, ఎండుగడ్డి కప్పడం కోనసీమలో అందరికీ తెలిసిందే. విత్తనం పైకి వచ్చేదాకా అది చక్కగా కాస్తుంది, పైసా ఖర్చు లేదు. చిక్కంతా దాన్ని తీసే రోజు దగ్గరే. నూటికి యాభై మొలకలు తలెత్తగానే తీసెయ్యాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలక వెలుతురు కోసం సన్నగా సాగి, పాలిపోయి, తీసిన వెంటనే పక్కకు పడుతుంది. అలా సాగిన లేత తెల్లకాండం పిట్టలకు మరీ ఇష్టం. కాబట్టి మట్ట తీసే సాయంత్రమే వల పడాలి. రెంటికీ మధ్య ఒక ఉదయం ఖాళీ వదిలితే చాలు, నష్టం జరిగిపోతుంది.

బీర, కాకర, సొర పాదులకు చేనంతా వల పరచడం దండగ. పాదు పాదుకూ ఒక బోర్లించే గంప చాలు. లేదంటే రెండు లీటర్ల నీళ్ళ సీసా అడుగు కోసి, మూత తీసేసి, మొలక మీద రెండు మూడు అంగుళాలు నేలలోకి దిగేలా గుచ్చండి. మూత ఉంచితే పదింటికల్లా లోపల ఆవిరి పట్టి మొలక ఉడికిపోతుంది. రెండో అసలాకు సీసా గోడకు తగలగానే తీసెయ్యాలి. కొబ్బరి ఈనెలు ఎనిమిదో పదో పాదు చుట్టూ ఏటవాలుగా గుచ్చి పైన కొసలు కలిపినా పావురం, గువ్వ ముక్కు పెట్టవు.

చేలో నాటిన తర్వాత, ఎకరా అరెకరా కూరగాయలకు, మెరుపు రిబ్బను బాగా పనిచేస్తుంది. ఒక వైపు ఎరుపు, ఒక వైపు వెండి మెరుపు, అర అంగుళానికి అటూ ఇటూ వెడల్పు. గాలికి మెలికలు తిరుగుతూ ఒకసారి ఎర్రగా ఒకసారి తెల్లగా మెరుస్తుంది, బిగువు సరిగ్గా ఉంటే బుంయ్‌మని మోగుతుంది కూడా. పిట్ట ఆ మెరుపుకూ ఆ మోతకూ బెదురుతుంది. బరువైన ప్లాస్టిక్ రిబ్బనే తీసుకోండి. చేత్తో రెండు వైపులా లాగితే తెగకూడదు, గోటితో గీస్తే వెండి పూత రాలకూడదు. పండగ అలంకరణకు అమ్మే పల్చటి రేకు మొదటి గాలికే తెగుతుంది. పాత క్యాసెట్టు టేపు ముక్కలు ముక్కలై మట్టిలో కలుస్తుంది, దాని జోలికి పోవద్దు.

వరసలు ఉత్తర దక్షిణాలుగా లాగాలి, పొద్దున్నా సాయంత్రమూ వాలుగా పడే ఎండ రిబ్బను ముఖాన తగలడానికి. పిట్టల తాకిడి ఎక్కువుండేదీ ఆ రెండు పూటలే. పది మీటర్లకొక సరుగుడు కర్ర. కర్రకూ కర్రకూ మధ్య రిబ్బనుకు రెండు మూడు మెలికలు తిప్పి కట్టండి. తిప్పకుండా చదునుగా కడితే ఒకే రంగు కనిపిస్తుంది, మోత రాదు. ఎత్తు మొక్క కొసకు అడుగు పైన. మరీ బిగిస్తే తెగుతుంది, మరీ వదులైతే మొక్కలకు రాసుకుని లేత కొసల్ని అదే విరుస్తుంది. వేలితో నొక్కితే నాలుగు వేళ్ళ వెడల్పు దిగాలి.

లెక్క వేసుకుందాం. 20 సెంట్లంటే దాదాపు 809 చదరపు మీటర్లు, అంటే 20 మీటర్లు ఇంటూ 40 మీటర్లు అనుకోండి. 40 మీటర్ల వైపు ఉత్తర దక్షిణాలైతే, నాలుగు మీటర్లకొక వరస చొప్పున ఆరు వరసలు, 240 మీటర్ల రిబ్బను. మెలికలకూ ముడులకూ కలిపి 260 కొనండి. కర్రలు ముప్పై. ఎకరాకు ఐదు మీటర్ల ఎడంతో కట్టినా 850 మీటర్ల పైన అవుతుంది, కర్రలు వంద దాటతాయి. రిబ్బను ఖరీదు కంటే కర్రలు పాతే కూలీ ఎక్కువయ్యేది అక్కడే. మూడు మీటర్ల ఎడం బాగా బెడద ఉన్న చేలకే.

రిబ్బను ఎక్కడ పనిచెయ్యదో కూడా చెప్పాలి. కొబ్బరి తోట నీడలో ఎండ తగలదు, దండగ. ముసురు పట్టిన రోజుల్లో మెరుపు ఉండదు, అప్పుడు మోత ఒక్కటే దిక్కు, గాలి కూడా లేకపోతే అదీ లేదు. నడిచి వచ్చేవాటిని, అంటే కోడిని, నెమలిని ఇది ఆపదు, కిందనుంచి దర్జాగా వచ్చేస్తాయి. రెండు వారాలు దాటితే పిట్టకు అలవాటైపోతుంది, అందుకే నాటిన రోజున కట్టి, వేరు పట్టగానే విప్పాలి. నెలల తరబడి వదిలేసిన రిబ్బను మీద గోరింక వచ్చి కూర్చుంటుంది. లంక భూముల్లో దీని పనితనం అన్నిటికంటే బాగా కనిపిస్తుంది. అక్కడ చెట్టు అడ్డు లేదు, గోదావరి గాలి ఆగదు. వరద తీశాక కొత్త ఒండ్రు మీద కూరగాయ విత్తితే చుట్టుపక్కల పచ్చగా కనిపించేది ఆ మొలకలే, పిట్టలన్నీ అక్కడికే చేరతాయి. లంకల్లో విత్తేవాళ్ళు రిబ్బను లేకుండా దిగవద్దు.

ఇప్పుడు సీసాల్లో అమ్మే మందులు. వీటి మీద పెట్టే డబ్బుకు వచ్చే ఫలితం అన్నిటికంటే తక్కువ. ఎందుకో వివరంగా చూద్దాం.

పేరున్న పదార్థం మిథైల్ ఆంథ్రనిలేట్. ద్రాక్ష వాసన వస్తుంది, మనుషుల తిండిలో ద్రాక్ష రుచి కోసం వాడేదే. పిట్ట ముక్కునూ కంటినీ మండించే నరాన్ని అది రేపుతుంది, మనకు మాత్రం ఏమీ అనిపించదు. కాబట్టి ఇది ఉత్తుత్తి మందు కాదు, నిజంగానే పనిచేస్తుంది. చిక్కేమిటంటే ఎండకు త్వరగా విరిగిపోతుంది, గాలికి ఆవిరైపోతుంది. మొలక రెండు మూడు రోజులకొక కొత్త ఆకు వేస్తుంది, ఆ ఆకు మీద మందు ఉండదు, పిట్ట పొడిచేది దాన్నే. పైనుంచి చిల్లుల డబ్బాతో నీళ్ళు పోస్తే ఉన్నదీ కడుక్కుపోతుంది. మోతాదు ఎక్కువైతే లేత ఆకు అంచులు మాడతాయి. కొనాలనుకుంటే లేబులు మీద ఆ పేరు, శాతం, రిజిస్ట్రేషను నంబరు ఉన్నాయో లేదో చూడండి. ముందు పది మొక్కల మీద కొట్టి ఒక రోజు ఆగండి. చెప్పిన మోతాదే వాడండి, ఎండ తగ్గాక కొట్టండి. వల కట్టే వీలు లేని చోట, ఐదారు రోజుల ఆపద గట్టెక్కడానికి మాత్రమే.

‘హెర్బల్’ అని రాసి లోపల ఏముందో రాయని సీసాలు చాలా తిరుగుతున్నాయి. వాటిలో కారం ఘాటు ఉన్నవైతే అసలే కొనకండి. పిట్టల నోటికి కారం తెలియదు. మనకు మంట పుట్టించే క్యాప్సైసిన్‌కు వాటి నాడులు స్పందించవు, పండు మిరపను చిలక హాయిగా తినడం ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. ఎండుమిరప కషాయం ఎలుకనూ ఉడతనూ కాస్త వెనక్కి నెడుతుంది, పిట్టను కాదు. కలరా ఉండలు సంచీల్లో కట్టి వేలాడదీసే పద్ధతి కూడా అంతే, ఆరుబయట ఆ వాసన నిలవదు.

కోడిగుడ్డు ద్రావణం వీటికంటే నయం, పైగా చవక. తణుకు, అనపర్తి చుట్టూ కోళ్ళఫారాల్లో చిట్లిన గుడ్లు తక్కువ ధరకు దొరుకుతాయి. లీటరు నీటికి 20 నుంచి 25 మిల్లీలీటర్ల గుడ్డు సొన. ఒక గుడ్డులో దాదాపు 50 మిల్లీలీటర్లుంటుంది కాబట్టి 16 లీటర్ల ట్యాంకుకు ఏడెనిమిది గుడ్లు. సొనను బాగా గిలక్కొట్టి, రెండు లీటర్ల నీళ్ళలో కలిపి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాకే ట్యాంకులో పొయ్యండి. వడకట్టకపోతే నాజిలు పూడుకుపోతుంది. లీటరుకు అర మిల్లీలీటరు స్టిక్కరు (మందును ఆకుకు అంటించే ద్రావణం) కలిపితే ఆకుకు పట్టి ఉంటుంది. సాయంత్రం కొట్టి, పనవగానే ట్యాంకు కడగాలి, మర్నాటికి ఆ కంపు వదలదు. వారానికొకసారి, వాన పడితే మళ్ళీ. చిలక, గువ్వ, పావురం బెడదకు ప్రయత్నించవచ్చు. కాకుల బెడదైతే వద్దు, కాకి గుడ్డు తినే జాతి. పందికొక్కులున్న గట్ల పక్కనా వద్దు. తోటకూర, పాలకూర లాంటి త్వరగా కోసి తినే ఆకుకూరల మీద పచ్చి గుడ్డు చల్లకూడదు.

విత్తనశుద్ధికి వాడే థైరం గురించి తక్కువమందికి తెలుసు. కిలో విత్తనానికి 3 గ్రాములు పట్టిస్తే నారుకుళ్ళును ఆపడమే కాక పిట్ట నోటికి చేదుగా, వెగటుగా ఉంటుంది. ఇది నేలలో ఉన్న విత్తును కాస్తుంది, పైకొచ్చిన మొలకను కాదు. కాబట్టి దీని పని వల పడేదాకానే. చేతికి తొడుగు వేసుకోండి, మందు పట్టించిన గింజ పైకి కనపడకుండా మట్టి కప్పండి.

శబ్దం చేసేవాటి మీద ఎక్కువ చెప్పడానికి లేదు. అల్ట్రాసోనిక్ పెట్టెలు డబ్బు దండగ. మనిషి చెవికి అందని ఆ శబ్దం 20,000 హెర్ట్జ్ పైన ఉంటుంది, చాలా పక్షులకు వినికిడి అంతకంటే చాలా కిందనే ఆగిపోతుంది. పిట్టల భయం కేకలు వినిపించే పెట్టెలు కొన్నాళ్ళు పనిచేస్తాయి, స్థలం మారుస్తూ ఉండాలి. కానీ ఇళ్ళ మధ్య చేలున్న కోనసీమలో ఇరుగుపొరుగు ఊరుకోరు. పైపులో కార్బైడు వేసి పేల్చే గొట్టాలు కళ్ళు తీస్తాయి, పిల్లలున్న ఇంటి దరికి రానివ్వకండి. గద్ద ఆకారపు గాలిపటం పదిహేను ఇరవై అడుగుల గెడకు కట్టింది లంకల్లో బాగుంటుంది, రెండు మూడు రోజులకొకసారి గెడ మార్చి పాతితే. కదలని ప్లాస్టిక్ గుడ్లగూబ, కదలని దిష్టిబొమ్మ మూడో రోజుకు కాకికి పీట.

గుళికల మందు కలిపిన గింజలు చల్లే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఫోరేట్ గుళికల్ని 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో పూర్తిగా నిషేధించారు. పక్షుల్ని విషం పెట్టి చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, నెమలి అందులో మొదటి షెడ్యూలులో ఉంది. ఆ గింజ తిన్న కోడీ, ఆ కోడిని తిన్న కుక్కా చస్తాయి, మిగిలింది కాలువలో కలుస్తుంది. ఎవరు అమ్మజూపినా వద్దనండి.

కొనుగోలు కుదించి చెప్పాలంటే, 20 సెంట్ల కూరగాయకు పది మీటర్ల నారుమడి ఒకటికి 40 మెష్ వల పన్నెండు మీటర్లు, వెదురు బద్దలు పదకొండు, చేనికి రిబ్బను 260 మీటర్లు, కర్రలు ముప్పై. వల జాగ్రత్తగా ఉతికి నీడలో ఆరబెట్టి చుట్టి పెడితే మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది. రిబ్బను కూడా విప్పేటప్పుడు కొయ్యకు చుట్టుకుంటూ రండి, తెగిన ముక్క ఒక్కటి కూడా బోదెలో వదలకండి. అది కాలువలోకి పోయి తూముల దగ్గర చుట్టుకుంటుంది. నారు సొంతంగా పెంచకుండా కడియం వైపు నర్సరీల్లో 98 గుంటల ట్రేలలో పెంచిన నారు తెచ్చుకునేవాళ్ళకు వల అవసరమే లేదు, రిబ్బను చాలు. నాటేటప్పుడు ట్రే నారు వేరు ఉండ మీద సెంటీమీటరు మట్టి పడేలా చూడండి. ఆ ఉండలోని కొబ్బరి పొట్టు పైకి కనిపిస్తే గోరింక పురుగుందేమోనని తవ్వి, మొక్కను పక్కన పడేస్తుంది. నాటాక చుట్టూ మట్టి గట్టిగా నొక్కాలి, చేత్తో ఆకు పట్టి మెల్లగా లాగితే మొక్క కదలకూడదు.

ఎండాకాలంలో పిట్ట లేత కాండం పొడిచేది చాలాసార్లు దాహానికి. చేను గట్టుకు అవతల, మడికి ఇరవై ముప్పై అడుగుల దూరంలో వెడల్పు మూకుడుతో నీళ్ళు పెట్టి రోజూ మార్చండి. రిబ్బను విప్పిన రోజే, ఆ కర్రల్లోంచి కొన్నింటికి అడ్డంగా పుల్ల కట్టి ఎకరాకు పది పదిహేను చొప్పున చేలో పాతితే గోరింకలూ ఏట్రింతలూ (తోక రెండుగా చీలిన నల్లపిట్టలు) వాటి మీద వాలి పచ్చపురుగుల్ని ఏరుకుంటాయి.